పొగ అనగా

చల్లగెడ్డలో చలి ఉన్నదని ప్రభుత్వం అంగీకరించడానికి చాలా కాలం పట్టింది. అంగీకరించిన తరువాత మాత్రం ఆలస్యం జరగలేదు. ఆ కొండ ఊళ్ళో ఇంటింటికీ ఒక గుళికల పొయ్యి ఇవ్వాలనీ, పొయ్యి పుట్టించే వేడి ఇంట్లో నిలిచి పొగ మాత్రం బయటికి పోయేటట్టు చూడడానికి ఒక సంస్థ ఉండాలనీ ఉత్తర్వులు వెలువడ్డాయి. ఆ సంస్థ పేరు గృహోష్ణ ధూమ నివారణ మండలి. పేరులో ఉష్ణం ముందున్నా, మండలి దృష్టి మొదటి రోజు నుంచీ ధూమం మీదనే నిలిచింది. వేడి పుట్టిందో లేదో చలి వేసేవాడు చూసుకుంటాడు. పొగను చూసుకోవడానికి అధికారి కావాలి.

పొయ్యి మంచిదే. రంపపు పొట్టును, ఊకను అచ్చులో నొక్కి చేసిన చిన్న గుళికలు దాని తిండి. లోపల ఒక ఫ్యాను తిరిగి పొగను వెనక ఉన్న గొట్టంలోకి తోస్తుంది. గొట్టం గోడ దాకా వెళ్ళి, వంపు తిరిగి, పైకప్పు దాటి, ఆకాశంలోకి నోరు తెరుస్తుంది. గొట్టం ముక్కలు ఒకదానిలో ఒకటి దూరే చోట్ల వేడికి తట్టుకునే సిలికాన్ బంక పూసి సీలు చేయాలి. చేయకపోతే బయటికని బయలుదేరిన పొగ దారిలోనే ఇంట్లోకి దిగిపోతుంది. ఇందులో అర్థం కానిది ఏమీ లేదు. అర్థం కానిది ఏమీ లేని చోట ఏ సంస్థా ఎక్కువ కాలం నిలవదు కనుక, మండలి నిబంధనలు రాసుకోవడం మొదలుపెట్టింది.

వాటిని రాసిన చేయి అసిస్టెంట్ ఇంజినీరు గొర్లె నీలాద్రిది.

నీలాద్రి ఉద్యోగం కోసం ఇంజినీరింగ్, తన కోసం తర్కశాస్త్రం చదువుకున్నవాడు. ఆ శాస్త్రంలో మొదటి పాఠం కొండతోనే మొదలవుతుంది: ఆ కొండ మీద పొగ కనబడుతున్నది, కనుక అక్కడ నిప్పున్నది. చల్లగెడ్డకు బదిలీ అయి, మండలిలో చేరమన్నప్పుడు ఆ పాఠమే తనను వెతుక్కుంటూ వచ్చినట్టు అతనికి అనిపించింది. ఆఫీసులో ఎవరితోనూ ఆ మాట అనలేదు.

'పొగ' అనే మాటకు అతను రాసిన మొదటి నిర్వచనం పొడుగైనది. పొయ్యి పొగ వేరు, అగరొత్తుల పొగ వేరు, సాంబ్రాణి ధూపం వేరు, పోపు ఘాటు వేరు, బీడీ పొగ వేరు. వీటిలో దేని గురించి మండలి పట్టించుకోవాలో, దేనిని వదిలెయ్యాలో వివరంగా ఉంది. డైరెక్టరు ప్రభంజనరావు గారు దానిని అన్నంలో వెంట్రుక తగిలిన మనిషిలా చదివారు.

"ఏమిటయ్యా ఇది? ఇంత ప్రతిష్ఠాత్మకమైన డాక్యుమెంటులో పోపు!"

"ఇంట్లో ఉండే పొగలన్నీ చెప్పుకుంటే, తరువాత పొరపాటు రాదని..."

"ఇంట్లో ఉండేవన్నీ మనకెందుకు నీలాద్రీ? మన పరిధిలో ఉండేవి చాలు. పరిధికి అవతల ఉన్న పదార్థం మన దృష్ట్యా అభావం."

అభావం అన్న మాట నీలాద్రి చెవికి తీయగా తగిలింది. అది తన శాస్త్రంలోని మాట. ఇంటికి వెళ్ళి, ఉన్నదంతా కొట్టేసి, ఒక్క వాక్యం మిగిల్చాడు: 'పొగ అనగా పొయ్యి యందు పుట్టి గొట్టము ద్వారా పయనించు పదార్థము.' ఒక మాట తీయడానికి లేదు, ఒక మాట చేర్చడానికి లేదు. డైరెక్టరు లేచి చేయి కలిపారు. వాక్యం అచ్చయింది. నీలాద్రి దానిని పైకి కాకపోయినా లోలోపల చాలాసార్లు చదువుకున్నాడు. మనిషి తాను రాసిన వాక్యాన్ని అంతగా ప్రేమించడం మంచిది కాదని అప్పటికి అతనికి తెలియదు.

తరువాత మండలికి ఒక ఆదర్శ గృహం కావలసి వచ్చింది. యజమాని అనుమతి అడగనవసరం లేని ఇల్లు ఏదా అని వెతికితే, నీలాద్రి ఉంటున్న ప్రభుత్వ క్వార్టరు దొరికింది. వెనక గదిలో పొయ్యి పెట్టారు. గొట్టం బిగించారు. గోడకు ఒక మీటరు తగిలించారు. గదిలో పొగ లేకపోతే అందులో పచ్చదీపం వెలుగుతుంది. పొగ ఉంటే ఎర్రదీపం వెలిగి, కూత పెట్టి, మండలి ఆఫీసుకు కబురు పంపుతుంది. సమీక్ష సంఘం వచ్చే నాటికి మీటరు దారికి రాకపోతే పొయ్యిని విప్పి తీసుకుపోతారని నిబంధన. అదీ నీలాద్రి రాసినదే.

పొయ్యి వచ్చిన వారంలోనే నీలాద్రి కూతురు హైమావతి పురిటి నుంచి ఇంటికి వచ్చింది. ఆడపిల్ల. నెలలు నిండకుండా పుట్టింది. కింద ఊళ్ళోని ఆసుపత్రి డాక్టరు పిల్లను బట్టలో చుట్టి ఇస్తూ, "దీనికి మందేమీ లేదు. వెచ్చగా ఉంచండి. అదే మందు," అన్నాడు. కొండ మీద ఆ ఇంట్లో వెచ్చగా ఉన్న గది ఒక్కటే.

మీటరు మొదటి కూత పిల్ల స్నానం అయిన వెంటనే వచ్చింది. నీలాద్రి భార్య వరహాలమ్మ పీట మీద కాళ్ళు చాపుకుని, మనవరాలిని కాళ్ళ మీద పడుకోబెట్టి నీళ్ళు పోసింది. ఒళ్ళు తుడిచి వెనక గదిలోకి తెచ్చింది. పెరట్లో కుంపటి నుంచి ఇనప గరిటెలో నిప్పులు పట్టుకొచ్చి, సాంబ్రాణి పొడి చల్లి, పైన వెదురుబుట్ట బోర్లించింది. బుట్ట సందుల్లోంచి తెల్లని ధూపం లేచింది. పిల్ల తలను అరచేతిలో పట్టుకుని ఆ ధూపానికి ఆరబెడుతూ ఉండగా గోడ మీద మీటరు ఎర్రబడి కేకలు పెట్టింది. పిల్ల అంతకంటే గట్టిగా పెట్టింది.

"ఇదేటండీ! పిల్ల తల ఆరబెట్టినా ఏడుస్తాదా మీ మీటరు?" అంది వరహాలమ్మ.

ధూపం ఇంకా గదిలో ఉండగానే మండలి దళం వచ్చింది. దళమంటే పర్యవేక్షణాధికారిణి లలితకుమారి, బంక గన్ను తుపాకీలా భుజానికి ఆనించుకున్న ఫిట్టరు బంగార్రాజు. లలితకుమారి గుమ్మంలో నిలబడి గాలి పీల్చింది.

"సువాసన వస్తున్నదే!"

"సాంబ్రాణి మేడమ్. పిల్లకు ధూపం వేశారు. మీటరు దానికే కూసింది," అన్నాడు నీలాద్రి.

"నీలాద్రి గారూ, నిబంధన మీరు రాసినదే. పొగ అనగా పొయ్యి యందు పుట్టి గొట్టము ద్వారా పయనించు పదార్థము. ఈ సాంబ్రాణి పొయ్యి యందు పుట్టినదా?"

"లేదు."

"గొట్టము ద్వారా పయనించినదా?"

"లేదు మేడమ్."

"అయితే ఇది పొగ కాదు."

"నిర్వచనం ప్రకారం కాదు."

"మీటరు మాత్రం పొగ ఉన్నది అంటున్నది. పొగ అంటే ఏమిటో మీరే చెప్పారు. కనుక పొయ్యి యందు పుట్టి, గొట్టము ద్వారా పయనించినది ఏదో ఈ గదిలో ఉన్నది. అది ఏ దారిన వచ్చినది?"

నీలాద్రి గొట్టం వైపు చూశాడు. లలితకుమారి దయతో తానే పూర్తి చేసింది: "అతుకుల దారిన."

వాదంలో తప్పు ఎక్కడున్నదా అని అతను వెతికాడు. చివరి మాట నుంచి ఒక్కొక్క మెట్టే వెనక్కి నడిచాడు. ప్రతి మెట్టూ గట్టిగానే ఉంది. తప్పు మొదటి వాక్యంలో ఉంది. మొదటి వాక్యం తనది.

బంగార్రాజు అతుకులన్నిటికీ మళ్ళీ బంక పూశాడు. వేలు తడిపి అంచులు నునుపు చేశాడు. వెనక్కి జరిగి తల పక్కకు వాల్చి చూసుకున్నాడు. "ఇంక చీమ కూడా దూరదు సార్. బంక ఆరీదాకా మాత్రం పొయ్యి ఎలిగించకండి. రేపటికి ఆరిపోద్ది," అని వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి పిల్లను హైమ, వరహాలమ్మ వంతులవారీగా తమ ఒంటికి హత్తుకుని కూర్చున్నారు.

మర్నాడు పొయ్యి వెలిగింది. పిల్లకు స్నానమైంది. మీటరు కూసింది. దళం వచ్చింది. ఆ మర్నాడూ అంతే. మండలి ఈ విషయాన్ని తేలికగా తీసుకోలేదు. ప్రతి ఉదయం ఒకే వేళకు, ఒకే గదిలో, ఒకే విధంగా పొగ లేవడం శాస్త్రీయంగా చాలా ఆసక్తికరమైన సంగతి అని ప్రభంజనరావు గారు గుర్తించారు. దానికి దైనందిన స్నానానంతర ధూమోత్థానం అని పేరు పెట్టారు. పేరు పెట్టాక కారణం దొరకడం కష్టం కాలేదు. స్నానపు నీళ్ళ ఆవిరికి గొట్టం చెమ్మగిల్లి, అతుకులు ముడుచుకుని, సందులు ఏర్పడుతున్నవి. పరిష్కారం: బంక మీద అల్యూమినియం టేపు చుట్టాలి. టేపుకు రెండు అంచులు ఉంటాయి. ఆ అంచులకు బంక పూయాలి. ఆ బంక ఆవిరికి దెబ్బతినకుండా దాని మీద మరో టేపు చుట్టాలి. దానికీ రెండు అంచులు ఉంటాయి.

గొట్టం రోజురోజుకూ లావెక్కింది.

"అమ్మాయికి పెట్టాల్సిన పథ్యం దీనికి పెడతన్నట్టున్నారు. బాలింత సిక్కిపోతంది, గొట్టం బలుస్తంది," అంది వరహాలమ్మ.

బంగార్రాజు నొచ్చుకున్నాడు. "అలాగనకండమ్మా. జిల్లా మొత్తం మీద ఇంత సీలున్న గొట్టం ఇదొక్కటే."

"అద్సరే బాబూ, బంక పూసినప్పుడల్లా పొయ్యి ఆర్పించేస్తన్నావు. పిల్ల కాళ్ళు సూడు, ఎలా సల్లబడిపోయేయో."

బంగార్రాజు పిల్ల పాదం ముట్టుకుని చూశాడు. చెయ్యి వెనక్కి తీసుకుని గన్నులో కొత్త ట్యూబు ఎక్కించాడు.

సాయంత్రం నీలాద్రి భార్యను పక్కకు పిలిచాడు. కొన్నాళ్ళు సాంబ్రాణి మానేస్తే ఎలా ఉంటుందని అడిగాడు.

"నెలలు నిండని పిల్లండీ. తల తడిగా ఉంటే రొంప పట్టేస్తాది. మీ మీటరుకి పడతాదా రొంప?"

"మీటరు ఎర్రగా ఉంటే పొయ్యి తీసుకుపోతారు."

"నిజం సెప్పుకోలేరేటి ఆఫీసులో?"

"చెప్పాను."

"ఏటన్నారు?"

"నేను చెప్పేది నేను రాసిన దానికి విరుద్ధంగా ఉందన్నారు."

"అయితే రాసింది కొట్టేయండి!"

"అచ్చయిపోయింది."

వరహాలమ్మ అతనివైపు కొంచెంసేపు చూసింది. పెళ్ళయిన కొత్తలో కూడా ఆమె అంత పరీక్షగా చూసినట్టు అతనికి గుర్తులేదు.

అతను డైరెక్టరు దగ్గరికి వెళ్ళి నిర్వచనం సవరిద్దామని అడిగాడు. ప్రభంజనరావు గారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"పొయ్యిది కాని పొగ కూడా పొగే అని ఒప్పుకుంటే ఏమవుతుందో ఆలోచించావా? మన పరిధి వంటింట్లోకి, పూజగదిలోకి, బడ్డీకొట్లోకి విస్తరిస్తుంది. అంత స్టాఫ్ ఉన్నారా మనకు? ఆ వాక్యం నీ జీవితంలో నువ్వు చేసిన ఒకే ఒక గొప్ప పని నీలాద్రీ. దాన్ని నీ చేత్తో పాడు చేసుకోకు."

పిల్ల కోసం వెళ్ళినవాడు వాక్యం కోసం వెనక్కి వచ్చాడు. దారిలో తనకు ఆ సంగతి తెలిసింది. తెలిసినా వెనుదిరగలేదు.

తరువాత మండలి సలహాదారు ఒకాయన కొండ గాలిని అధ్యయనం చేసి, గొట్టం నోట్లోంచి వెళ్ళిన పొగను మంచు కిందికి నొక్కి, కిటికీ దారిన తిరిగి ఇంట్లోకి పంపుతున్నదని తేల్చాడు. బంగార్రాజు వెనక గది కిటికీ రెక్కల చుట్టూ బంక నింపి టేపు అంటించాడు. తలుపుకు కింద రబ్బరు పట్టీ కొట్టాడు. సాంబ్రాణి ధూపం పోయే దారి లేక మరింతసేపు గదిలో నిలిచింది. మీటరు మరింతసేపు కూసింది. లీకు తీవ్రమవుతున్నదని నివేదిక వెళ్ళింది.

ఇక డైరెక్టరు గారే స్వయంగా వచ్చి చూడాలని నిర్ణయమైంది. ఆ రోజు ఉదయం వరహాలమ్మ పిల్ల తలను పొడిబట్టతో తుడిచి ఊరుకుంది. నిప్పులు తేలేదు, బుట్ట తీయలేదు. "ఈ ఒక్క రోజుకే," అంది మొగుడితో. పొయ్యి చక్కగా మండుతున్నది. మీటరు పచ్చగా ఉన్నది. నీలాద్రి చాలా రోజుల తరువాత ఊపిరి పూర్తిగా పీల్చాడు.

ప్రభంజనరావు గారు సిబ్బందితో వచ్చారు. యంత్రాన్ని పరీక్షించే ముందు దానికి పూజ చేయడం మండలి ఆచారం. బంగార్రాజు పొయ్యికి పసుపు రాసి బొట్టు పెట్టాడు. పొయ్యి పక్కన అరటిపండు పెట్టి, దానికి అగరొత్తులు గుచ్చాడు. ఒకటి రెండు కాదు, కట్ట మొత్తం. పళ్ళెంలో కర్పూరం ముద్ద వెలిగించాడు. డైరెక్టరు గారు కొబ్బరికాయ కొట్టి, హారతి కళ్ళకద్దుకున్నారు. అగరొత్తుల పొగ నీలంగా, తీరిగ్గా లేచి మీటరును చుట్టుకుంది.

మీటరు కూసింది.

అందరూ గొట్టం వైపు చూశారు.

"ఎక్కడి నుంచి?" అన్నారు ప్రభంజనరావు గారు, తన ముఖం మీదికి వస్తున్న పొగను చేత్తో అవతలికి నెడుతూ. "ఎక్కడి నుంచి వస్తున్నది?"

లలితకుమారి వంగి అతుకులు చూసింది. బంగార్రాజు కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా గొట్టం వంపు దగ్గరి ఎల్బో చుట్టూ తడిమాడు. హైమ పిల్లను చీర కొంగులో దాచుకుని మంచం చివరికి జరిగింది.

"అగరొత్తులండీ," అన్నాడు నీలాద్రి. "ఎదురుగా ఉన్నాయి."

"పవిత్రమైన వస్తువును ఇందులోకి లాగకు," అన్నారు డైరెక్టరు. "మనం శాస్త్రీయంగా పోదాం. అతుకులు మూశామా?"

"మూశామండి," అంది లలితకుమారి.

"కిటికీ?"

"మూశామండి."

"తలుపు?"

"పట్టీ వేశామండి."

"అయినా పొగ వస్తున్నది. ఈ వ్యవస్థలో ఇంకా మూయని రంధ్రం ఏదైనా మిగిలి ఉన్నదా?"

బంగార్రాజు కళ్ళు తుడుచుకుని మెల్లగా తలెత్తి పైకప్పు వైపు చూశాడు. "నోరు సార్," అన్నాడు. "గొట్టం నోరు."

"అదీ సంగతి! ఇన్నాళ్ళూ మూలం తెరిచి పెట్టుకుని కొమ్మల వెంట పడ్డాం."

"నోరు మూసేస్తే పొయ్యి మండదండి," అన్నాడు నీలాద్రి. "పొగ పోవడానికి దారి లేకపోతే యంత్రం తనంతట తాను ఆగిపోతుంది. అలా తయారు చేశారు దాన్ని."

"ఆగిపోతే పొగ పుడుతుందా?"

"పుట్టదు."

"మన లక్ష్యం?"

"ధూమ నివారణ. కానీ మండలి పేరులో ఉష్ణం కూడా ఉందండి."

"అది పేరుకు అందం కోసం పెట్టినది."

ఉత్తర్వు అక్కడికక్కడే అయింది. పని అసిస్టెంట్ ఇంజినీరు సమక్షంలో జరగాలని అందులో ఉంది. బంగార్రాజు రేకు మూత, బంక గన్ను తీసుకుని పైకప్పు ఎక్కాడు. కింద నిచ్చెన పట్టుకున్నది నీలాద్రి. వదిలేయవచ్చు. నిచ్చెన వదిలేస్తే మనిషి పడతాడని పట్టుకున్నాడు. మనిషి పడకూడదన్నది మంచి కారణం. ఆ మంచి కారణం వెనక మరొక కారణం తలదాచుకుని ఉన్నదని అతనికి తెలుసు.

"ఇంక దేవుడొచ్చినా దూరలేడు సార్!" అని పైనుంచి కేక వేశాడు బంగార్రాజు.

పొయ్యి కాసేపు గురగురలాడి ఆగిపోయింది. అగరొత్తులు అప్పటికి కాలిపోయాయి. మీటరు పచ్చబడింది. అందరూ చప్పట్లు కొట్టారు.

సన్మానం మర్నాడు మధ్యాహ్నం. చల్లగెడ్డ మొత్తం మీద మొట్టమొదటి సంపూర్ణ ధూమరహిత గృహం నీలాద్రిది. సమీక్ష సంఘం కూడా సభకే వచ్చి, మీటరు ఏ రంగులో ఉన్నదో ఆఫీసులో కూర్చునే చూసుకుంటుంది. బయలుదేరే ముందు అతను వెనక గదిలోకి తొంగి చూశాడు. గోడలు చెమ్మగా, చల్లగా ఉన్నాయి. పిల్లను దుప్పట్లలో చుట్టి, ముక్కు మాత్రం కనబడేటట్టు ఉంచారు.

"ఈ పూట గడిస్తే చాలు. సంఘం వెళ్ళిపోయాక మూత నేనే తీయిస్తాను," అన్నాడు.

"అందాకా మీ మీటరు పచ్చగా ఉండాల, పిల్ల ఎచ్చగా ఉండాల. అంతేనా?" అంది వరహాలమ్మ. "నేను సూసుకుంటాను గానీ మీరు ఎళ్ళండి. మీకు మాట రానివ్వను."

సభలో నీలాద్రికి శాలువా కప్పారు. జ్ఞాపిక ఇచ్చారు. బరువైన నల్లరాతి దిమ్మ మీద చిన్న ఇత్తడి ఇల్లు. ఇంటికి కిటికీలు లేవు, గొట్టం లేదు. ప్రభంజనరావు గారు మాట్లాడుతున్నారు.

"పొగ లేదు! అనగా ఏమిటి? అపాయము లేదు! పొగ లేని గృహమునందు శిశువు నిశ్చింతగా నిదురించును!"

నీలాద్రి జ్ఞాపికను ఒళ్ళో పెట్టుకుని విన్నాడు. పొగ లేదు కనుక. ఆ 'కనుక' అతని చెవిలో ముల్లులా గుచ్చుకుంది. మొదటి పాఠానికి రెండో సగం ఉంది. పొగను చూసి నిప్పు ఉన్నదనవచ్చు. పొగ లేదు కనుక నిప్పు లేదనడానికి మాత్రం వీల్లేదు. ఎర్రగా కాలిన ఇనప గుండులో నిప్పుంటుంది, పొగ ఉండదు. కాలిన ఇనుము లాంటివి ఇంకా ఉన్నాయి. బాగా రగిలిన బొగ్గు. పొగ లేకపోయినా, మూసిన గదిలో అది గాలిని విషం చేస్తుంది.

పిల్ల ఎచ్చగా ఉండాల. నేను సూసుకుంటాను.

పెరట్లో కుంపటి గుర్తుకొచ్చింది.

అతను లేచాడు. డైరెక్టరు ప్రసంగం మధ్యలో, శాలువాతో, జ్ఞాపికతో వేదిక దిగి బయటికి నడిచాడు. గేటు దాటాక పరుగెత్తాడు. మంచులో శాలువా వెనక ఎగురుతుంటే రోడ్డు మీద జనం ఆగి చూశారు.

వెనక గది తలుపు మూసి ఉంది. తోసుకుని లోపలికి వెళ్ళాడు. మంచం కింద కుంపటి. అందులో బొగ్గులు నారింజ రంగులో, మచ్చ లేకుండా, నూలుపోగంత పొగ కూడా లేకుండా వెలుగుతున్నాయి. గది వెచ్చగా ఉంది. గోడ మీద పచ్చదీపం ప్రశాంతంగా ఉంది. హైమ గోడకు తల ఆనించి, కళ్ళు సగం మూసుకుని ఉంది.

"తల బరువుగా ఉంది నాన్నా," అంది నాలుక మడతపడుతుండగా.

పిల్ల ఏడవడం లేదు. ఎవరు తలుపు తీసినా ఏడ్చే పిల్ల.

వంటింట్లోంచి వరహాలమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "బయటే బాగా రగిలించి, పొగంతా పోయాకే లోపలికి తెచ్చానండి. సూడండి, మీ మీటరు..."

అతను వినలేదు. కిటికీ దగ్గరికి వెళ్ళి రెక్క లాగాడు. రాలేదు. బంక గట్టిగా పట్టింది. జిల్లాలో అంత మంచి సీలు మరెక్కడా లేదు. రెండోసారి లాగలేదు. చేతిలో ఉన్న ఇత్తడి ఇంటిని రెండు చేతులా ఎత్తి అద్దం మీదికి విసిరాడు.

అద్దం పగిలి పెరట్లోకి రాలింది. చలిగాలి గదిలోకి దూకింది. అతను పిల్లను ఎత్తుకుని బయటికి పరుగెత్తాడు. వరహాలమ్మ ఒక చేత్తో కూతుర్ని, ఒక చేత్తో కుంపటిని ఈడ్చుకుంటూ వచ్చింది. పిల్ల ముఖం శాలువాలో కదలకుండా ఉంది. అతను ఆ ముఖం మీద ఊదాడు. పాదాలు రుద్దాడు. అతనికి తెలిసిన శాస్త్రాలలో ఆ క్షణానికి పనికి వచ్చే వాక్యం ఒక్కటీ లేకపోయింది.

పిల్ల తుమ్మింది. తరువాత ముఖం ఎర్రగా చేసుకుని, చల్లగెడ్డ అంతా వినబడేటట్టు ఏడ్చింది.

వరహాలమ్మ నేల మీద కూర్చుండిపోయింది. "పొగ లేదు కదా అనుకున్నానండీ," అంది.

"నాదే. అలా అనుకునేలా రాసింది నేనే," అన్నాడు నీలాద్రి.

పిల్లను తల్లి చేతికిచ్చి, వంటింట్లోంచి కొబ్బరి కోసే కత్తి తెచ్చుకున్నాడు. నిచ్చెన వేశాడు. ఈసారి కింద పట్టుకున్నది వరహాలమ్మ. పైకప్పు ఎక్కి, గొట్టం నోటి చుట్టూ బంకను కోసి, మూత ఊడదీసి పెరట్లోకి గిరాటేశాడు. పొయ్యి వెలిగింది. పగిలిన అద్దానికి హైమ పాత చీర ఒకటి వదులుగా అడ్డం కట్టారు.

మర్నాడు ఉదయం దళం వచ్చేసరికి వరహాలమ్మ పిల్లకు సాంబ్రాణి వేస్తున్నది. ధూపం బుట్టలోంచి లేచి, చీర పక్కనుంచి, పగిలిన కిటికీ దారిన బయటికి పోతున్నది. మీటరు పచ్చగా ఉంది.

లలితకుమారి మీటరును చూసింది. కిటికీని చూసింది. పెరట్లో పడి ఉన్న జ్ఞాపికను తీసి బరువు చూసింది.

"ఇది దీనితోనే పగలగొట్టారా?"

"అవును మేడమ్."

"పగలగొట్టిన తరువాత ధూమోత్థానం ఆగినది."

"ఆగింది. కారణం..."

"కారణము మండలి నిర్ణయిస్తుంది," అంటూ ఆమె అలవాటుగా పైకప్పు వైపు చూసింది. గొట్టం నోట్లోంచి తెల్లని పొగ నిటారుగా ఆకాశంలోకి పోతున్నది. ఆమె చాలాసేపు చూసింది.

"అది ఏమిటి నీలాద్రి గారూ?"

పొయ్యి యందు పుట్టి, గొట్టము ద్వారా పయనించుచున్నది. నిర్వచనానికి ఇంతకంటే సరిగ్గా సరిపోయే వస్తువును అతను ఎన్నడూ చూడలేదు.

"పొగ మేడమ్."

"గొట్టం నోరు మూయబడినట్టు ఉత్తర్వు ఉన్నది. మూసిన నోటి నుంచి పొగ రాదు. కనుక అది మంచు." ఆమె చెప్పు కొసతో పెరట్లోని రేకు మూతను మెల్లగా పొద కిందికి నెట్టింది. తరువాత గొంతు తగ్గించి అడిగింది: "పాప ఎలా ఉందండీ?"

"వెచ్చగా ఉంది."

ఆ నెలలోనే మండలి రెండు ఉత్తర్వులు జారీ చేసింది. మొదటిది, ఆదర్శ గృహం నమూనాలో ఊళ్ళోని గొట్టాలన్నిటికీ నోళ్ళు మూయాలని. రెండవది, ప్రతి ఇంటా వెనక గది కిటికీ అద్దం ఒకటి నిర్ణీత పద్ధతిలో పగలగొట్టాలని. దీనికి గవాక్ష భేదన విధానం అని పేరు. భేదనానికి కావలసిన జ్ఞాపికలను మండలియే సరఫరా చేస్తుంది. బంగార్రాజు పగలు ఇంటింటికీ తిరిగి నోళ్ళు మూశాడు. సాయంత్రాలు చల్లగెడ్డలో నిచ్చెనలకు గిరాకీ పెరిగింది.

ఒక ఉదయం నీలాద్రి మనవరాలిని ఎత్తుకుని పెరట్లో నిలబడ్డాడు. కింది నుంచి పై దాకా కొండ మీద ప్రతి ఇంటి కప్పు మీదా ఒక తెల్లని తీగ నిలబడి ఉంది. ఆ చలికాలం చల్లగెడ్డలో మంచు మునుపెన్నడూ లేనంత ఎక్కువగా ఉన్నదని మండలి పైకి నివేదిక పంపింది. పిల్ల వేలు చూపించేంత వయసుది కాదు. చెయ్యి మాత్రం అటు చాచింది.

నీలాద్రి మొదటి పాఠాన్ని మళ్ళీ మొదటి నుంచి చెప్పుకున్నాడు. ఆ కొండ మీద మంచు కనబడుతున్నది. కనుక అక్కడ నిప్పున్నది.